ఊరుకోవడం, ఒప్పుకోవడం



ఎవరి స్మృతిలో మనం ఇక్కడ కూర్చున్నామో ఆయన జిల్లా కోర్టులో ట్రాన్స్‌లేటరుగా పనిచేసి రిటైరయ్యారు. మేమంతా మాస్టారు అనే పిలిచేవాళ్ళం. సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జిగారు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు, టైపిస్టు కొడతాడు. ఆ మధ్యలో మాటలకేమవుతుందో ఆయనకు తెలిసినంతగా మా న్యాయవాదుల్లో ఎవరికీ తెలియదు. ఇంగ్లీషులోకి వెళ్ళగానే తేడాలు చెరిగిపోయే తెలుగు క్రియలను ఆయన విడిగా రాసి పెట్టుకునేవారు. ఒప్పుకొను, ఊరుకొను, సర్దుకొను, సరిపెట్టుకొను, ఓర్చుకొను, తలొగ్గు, లోబడు. రికార్డులో చాలాసార్లు ఇవన్నీ సమ్మతి అనే ఒకే మాటగా తేలతాయి. వీటిలో నేను ఈ సాయంత్రం ఎంచుకున్నది ఊరుకొను. ఒక మనిషి ఊరుకోవడాన్ని ఇంకొకరు ఒప్పుకోవడంగా రాసేస్తే ఏం జరుగుతుందన్నది నా విషయం.

ముందు మాటనే చూద్దాం. ఊరక అంటే కదలికా సద్దూ లేకుండా, ఏ ప్రయత్నమూ లేకుండా. ఊరకుండు, ఊరకొను, ఊరుకొను అన్నీ ఆ కుదుటివే. తెలంగాణలో ఊకున్న అంటారు, సీమలో ఊరకుంటి అంటారు. ఏడుస్తున్న బిడ్డను ఊరుకోబెడతాం. పొగిడేవాళ్ళను ‘ఊరుకోండి, మీరు మరీనూ’ అని వారిస్తాం. కోపం వచ్చినవాడు ‘చూస్తూ ఊరుకోను’ అంటాడు. ఈ వాడుకలన్నిటినీ కలిపి చూడండి. లోపల ఏదో ఉంది, ఏడుపో కోపమో అభ్యంతరమో. అది పైకి రాకుండా ఆగింది. ఆగిందే గాని పోలేదు. ఊరుకొను అనే క్రియ చెప్పేది ఈ ఆగడాన్నే.

ఒప్పుకొను వేరే దారిలో పుట్టింది. ఒప్పు అంటే సరైనది, తగినది. ఒక విషయాన్ని ఒప్పుగా తీసుకోవడం ఒప్పుకోవడం. అక్కడ మనసు ఒక తీర్మానానికి వస్తుంది. రెండు క్రియల్లోనూ కొను ఉంది, అంటే చేసే పని తన కోసమే. ఒప్పుకున్నవాడు ఎదుటి మాటను తనదిగా చేసుకుంటాడు. ఊరుకున్నవాడు తన మాటను తన దగ్గరే ఉంచుకుంటాడు. మన భాష ఈ రెంటినీ ఇంత స్పష్టంగా వేరుచేసి ఉంచిందన్నది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే, గర్వమే.

ఇంగ్లీషు న్యాయశాస్త్రంలో అక్వియెసెన్స్ అనే మాట ఉంది. దాని వేరు లాటిన్‌లో విశ్రాంతి, నిశ్చలత అనే అర్థం గల ధాతువు. మన ఊరకకు అది దగ్గరి చుట్టం. పుట్టుకను బట్టి దానికి సరైన తెలుగు ఊరుకోలు అవ్వాలి. మనమేమో మౌనాంగీకారం అని తర్జుమా చేసుకుని, లేని అంగీకారాన్ని మాటలోపలే పెట్టేశాం. న్యాయవాదులు వాదించవలసిన విషయాన్ని నిఘంటువే ముందుగా తీర్పు చెప్పేసినట్టయింది.

మౌనం అర్ధాంగీకారం అన్న నానుడి మీ అందరికీ తెలుసు. పెళ్ళిచూపుల్లో పిల్ల తల వంచుకుంటే పెద్దలు వాడే మాట. ఆ నానుడిలో అర్ధ అనే మాట ఉంది. సగం. చెప్పినవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకునే చెప్పారు, మౌనం నుంచి సగానికి మించి రాబట్టకూడదని. వాడుకలో ఆ సగం రాలిపోయింది. తల వంచుకుంటే ఇష్టమే, సిగ్గుపడుతోంది, ముహూర్తాలు పెట్టుకోవచ్చు. మిగతా సగం ఏమిటని అడిగేవాళ్ళు ఆ గదిలో ఉండరు.

ఐరోపాలోనూ ఇదే జరిగింది. 1298లో పోప్ ఎనిమిదో బోనిఫేస్ వెలువరించిన ధర్మశాస్త్ర సంకలనం చివర న్యాయసూత్రాలు కొన్ని ఉన్నాయి. వాటిలో 43వది, ఊరుకున్నవాడు ఒప్పుకున్నట్టు కనిపిస్తాడన్నది లోకమంతా తిరిగింది. దాని వెనకే 44వది ఉంది. ఊరుకున్నవాడు ఒప్పుకున్నట్టు కాదు, కాకపోతే కాదన్నట్టూ కాదు అని దాని సారం. అది పోప్ కాలానికి వెయ్యేళ్ళకు పైగా ముందునాటి రోమన్ న్యాయవేత్త పౌలుస్ మాట నుంచి వచ్చింది. పక్కపక్కనే ఉన్న రెండు సూత్రాల్లో అధికారానికి పనికొచ్చినది బతికింది, రెండోది పుస్తకంలో ఉండిపోయింది. తర్వాతివాళ్ళు మొదటి సూత్రానికి ఒక షరతు కూడా కలిపారు, మాట్లాడవలసి ఉండి, మాట్లాడగలిగి ఉండి కూడా ఊరుకుంటేనే అని. ఆ షరతునూ చాలామంది ఉదహరించరు. 1535లో ఇంగ్లండులో థామస్ మోర్ మీద విచారణ జరిగినప్పుడు, రాజు మతాధిపత్యం గురించి ఆయన ఏమీ పలకకపోవడమే ద్రోహమన్నారు. మౌనం అంగీకారమనే కదా మీ న్యాయసూత్రం, అలాగైతే నేను ఒప్పుకున్నట్టే తీసుకోవాలి అని ఆయన జవాబు. ఎవరూ ఆ జవాబును లెక్కచేయలేదు. ఆయన తల తీశారు. మౌనానికి అర్థం చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న అని ఆ విచారణ చూపిస్తుంది.

వ్యాపార న్యాయం ఈ విషయంలో చాలా జాగ్రత్తగా ఉంది. లా విద్యార్థులకు మొదటి ఏడాదిలోనే చెప్పే కేసు ఒకటుంది, 1862 నాటి ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లీ. మేనల్లుడి గుర్రం కొనాలనుకున్న మామ ఉత్తరం రాశాడు, నీ నుంచి మళ్ళీ కబురు రాకపోతే గుర్రం నాదే అనుకుంటానని. మేనల్లుడు జవాబు రాయలేదు. మనసులో అమ్మాలనే ఉంది కూడా. అయినా ఒప్పందం లేదంది కోర్టు. జవాబివ్వని పాపానికి ఎదుటివాణ్ణి ఒప్పందంలో కట్టేసే హక్కు ఉత్తరం రాసినవాడికి లేదు. మన ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999లో 33వ సెక్షన్ ఇంకా సూటిగా ఉంటుంది. రిజిస్టరైన తర్వాతి గుర్తును పాత గుర్తు యజమాని ఎరిగి ఎరిగి, వరసగా అయిదేళ్ళు వాడనిస్తే, ఆ తర్వాత అడ్డుపడలేడు. ఎరిగి ఉండాలి, అయిదేళ్ళు గడవాలి. 1994లో సుప్రీంకోర్టు పవర్ కంట్రోల్ అప్లయన్సెస్ కేసులో మరో అడుగు వేసి, అక్వియెసెన్స్‌కు కేవల మౌనం, కేవల జాప్యం చాలవు, ఒప్పుదలను తెలిపే క్రియ ఏదో కావాలంది. మిక్సీ మీద పేరు ఎవరిదన్న తగాదాలో ఇంత జాగ్రత్త.

మరి మనిషి ఒంటికి, భూమికి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఎటు పోయింది?

భూమితో మొదలుపెడతాను, మన ఇళ్ళలో అందరికీ తెలిసిన సంగతి గనక. ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా జన్మహక్కు ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ ఆ హక్కు రావడానికి ఇంకో ఇరవై ఏళ్ళు, 2005 సెప్టెంబరు 9 దాకా పట్టింది. మన చట్టంలో ఒక మెలిక ఉండేది. అమలు తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతురికి వర్తించదు. అక్క పెళ్ళి 1984లో, చెల్లి పెళ్ళి 1987లో అయితే ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరికి రెండు న్యాయాలు. 2005 సవరణతో ఆ తేడా పోయింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు కూడా లేదని తేల్చింది.

కాగితం మీద హక్కు అప్పటినుంచీ ఉంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో కాసేపు నిలబడితే ఆ హక్కు ఎటు పోతోందో కనిపిస్తుంది. అక్కచెల్లెళ్ళు బస్సు దిగి వస్తారు. హక్కు విడుదల దస్తావేజు సిద్ధంగా ఉంటుంది. అందులో నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, స్వస్థచిత్తంతో రాసి ఇచ్చినది అని ఉంటుంది. రాసినవాడు డాక్యుమెంట్ రైటరు. ఆ వాక్యంలోని ఒక్క మాటా ఆమె నోటినుంచి వచ్చింది కాదు. సంతకమో వేలిముద్రో పెట్టి, చీర, పసుపుకుంకుమ పుచ్చుకుని సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతుంది. ఎందుకు పెట్టావమ్మా అంటే ‘అన్నయ్యలతో ఏం గొడవ, ఊరుకున్నాను’ అంటుంది. రేపు భర్తతో తగాదా వచ్చినా, భర్త పోయినా వెళ్ళి నిలబడడానికి పుట్టింటి గడప ఒకటి ఉండాలి. అరెకరం అడిగితే ఆ గడప ఉంటుందో ఉండదో. ఆ లెక్క ఆమె వేసుకుంది. ఎవరూ చెయ్యెత్తలేదు, ఎవరూ గదమాయించలేదు. బలవంతం లేదన్న దస్తావేజు మాటను చట్టం నిజంగానే తీసుకుంటుంది.

ఆడపడుచులు ఇలాంటి చోట మూడు క్రియలు వాడడం నేను విన్నాను. ఇచ్చేశాను అనేవాళ్ళు ఉన్నారు. తమ్ముడు కష్టంలో ఉన్నాడు, నాకు లోటు లేదు, ఇచ్చేశాను అంటారు. అది దానం, ఆమె నిర్ణయం, దాన్ని గౌరవించాలి. వదులుకున్నాను అనేవాళ్ళు ఉన్నారు. పోయిందేమిటో తెలుసు, బాధా ఉంది, అయినా లెక్క తేలిపోయింది. మూడో మాట ఊరుకున్నాను. ఆమె విషయంలో ఏమీ తేలలేదు. రేపు కూతురి చదువుకు డబ్బు అవసరమైతే అడగొచ్చు, అడగకపోవచ్చు. ఆమె తన ప్రశ్నను దాచుకుంది. దస్తావేజుకు ఈ మూడూ ఒకటే. ముగ్గురూ తమ ఇష్టపూర్వకంగా విడుదల చేసినవాళ్ళే.

దస్తావేజు రాయించుకోని ఇళ్ళలో మాత్రం మన న్యాయం కొంత కరుణ చూపింది. పి. లక్ష్మీరెడ్డి వర్సెస్ ఎల్. లక్ష్మీరెడ్డి అని 1957 రిపోర్టుల్లో ఉన్న సుప్రీంకోర్టు తీర్పు మన ప్రాంతపు భూమి తగాదాలో వచ్చినదే. ఉమ్మడి వారసుల్లో ఒకరు భూమి సాగుచేసుకుంటుంటే, మిగతావారు పంట అడగలేదన్న కారణంగా వాళ్ళ హక్కు పోదు. ఒకరి స్వాధీనం అందరి తరఫునా స్వాధీనమే. ఇది నాదే, నీకు లేదు అని బాహాటంగా అడ్డం తిరిగి, అది అవతలివాళ్ళకు తెలిసి, ఆపైన చట్టం చెప్పిన గడువు దాటితేనే హక్కు మారుతుంది. రక్తసంబంధీకులు ఊరుకోవడానికి కారణాలు ఉంటాయని, ఆ ఊరుకోవడాన్ని వాళ్ళకు వ్యతిరేకంగా వాడకూడదని ఆ తీర్పు గుర్తించింది. అక్కచెల్లెళ్ళ తరఫున భాగపంపిణీ దావా వేసే ప్రతి న్యాయవాదీ దీన్ని చదవాలి. విడుదల పత్రం మీద సంతకం పడిపోతే మాత్రం ఈ రక్షణ పోతుంది. సంతకం కోసం అంత తొందర అందుకే.

ఇక రెండోది చెప్పడానికి బరువైన విషయం. బాధితురాలి పేరుతోనే ఆ కేసును పిలవడం అందరికీ అలవాటైంది. నేను తీర్పుకు ఉన్న పేరే వాడతాను, తుకారామ్ వర్సెస్ మహారాష్ట్ర. 1972 మార్చి 26 రాత్రి, చంద్రపూర్ జిల్లా దేశాయ్‌గంజ్ పోలీస్ స్టేషన్. కూలి చేసుకుని బతికే ఆదివాసీ బాలిక, పదహారేళ్ళ లోపు. తనవాళ్ళు బయట ఉన్నారు, ఆమెను లోపల ఉంచేశారు. అత్యాచారం ఆరోపణ ఎదుర్కొన్న ఇద్దరు పోలీసులనూ సెషన్స్ కోర్టు వదిలేసింది. 1976లో బొంబాయి హైకోర్టు శిక్ష వేసింది. భయంతో నిస్సహాయంగా లొంగిపోవడం వేరు, ఇష్టం వేరు అని హైకోర్టు విడమరిచి చెప్పింది. 1978 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. ఒంటి మీద గాయాలు లేవు, కేకలు వేయలేదు, కాబట్టి ప్రతిఘటించలేదు. ప్రతిఘటించలేదు కాబట్టి సమ్మతి. పోలీస్ స్టేషన్‌లో, అర్ధరాత్రి, యూనిఫారంలో ఉన్నవాడి ముందు ఒక కూలిపిల్ల కేక వేస్తే వినవలసింది ఎవరు? పోలీసులే కదా. ఈ ప్రశ్న ఆ తీర్పులో లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించే సంగతి ఏమిటంటే, అప్పటికి ఇరవై ఏళ్ళ ముందే ఈ విషయం మన న్యాయశాస్త్రంలో తేలిపోయింది. 1958 రిపోర్టుల్లో ఉన్న రావ్ హర్‌నారాయణ్ సింగ్ కేసులో పంజాబ్ హైకోర్టు న్యాయమూర్తి టేక్‌చంద్ ఊరుకోవడానికి ఎన్ని రూపాలున్నాయో ఓపికగా వరసపెట్టి చెప్పారు. తప్పించుకోలేని బలం ముందు నిస్సహాయంగా తలవంచడం, కదలక ఉండిపోవడం, ఎదిరించకపోవడం, భయంతో మనసు మొద్దుబారడం. వీటిలో ఏదీ సమ్మతి కాదని, తెలిసి, తూచి, రెండు దారుల్లో ఒకటి ఎంచుకోగలిగితేనే సమ్మతి అని రాశారు. మాస్టారి జాబితాకు అది దాదాపు ఇంగ్లీషు ప్రతి. అంత స్పష్టంగా చెప్పిన మాట ఉండగా 1978లో దాన్ని పక్కన పెట్టడం జరిగింది.

1979 సెప్టెంబరులో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగమ్‌వార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. సమ్మతి ఉన్నచోట లొంగుబాటు ఉండవచ్చు, లొంగుబాటు ఉన్నచోటల్లా సమ్మతి ఉందనడం కుదరదు అన్నది దాని గుండెకాయ. ఆ లేఖ దేశంలో స్త్రీల ఉద్యమాన్ని కదిలించింది. మన దగ్గర మంట అప్పటికే రాజుకుంది. 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక స్త్రీ మీద అత్యాచారం జరిగింది, అడగబోయిన భర్తను కొట్టి చంపారు. నగరం అట్టుడికింది, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమంది. కేసు రాయచూరుకు బదిలీ అయి, అక్కడ వాళ్ళు విడుదలయ్యారు. 1983లో పార్లమెంటు సాక్ష్య చట్టంలో 114-ఎ చేర్చింది. కస్టడీలో జరిగిన అత్యాచారం కేసులో స్త్రీ తన సమ్మతి లేదని కోర్టులో చెబితే, లేదనే కోర్టు భావించాలి. 2013 సవరణ చివరికి నేరుగా మాటకే నిర్వచనం ఇచ్చింది. సందిగ్ధం లేకుండా, స్వచ్ఛందంగా, మాటతోనో సైగతోనో తెలిపినదే సమ్మతి. శరీరంతో ప్రతిఘటించలేదన్న ఒక్క కారణంగా ఒప్పుకున్నట్టు భావించకూడదు. ఇప్పుడు అది భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో ఉంది.

చట్టం మారింది. వాంగ్మూలం రాసే పద్ధతి అంతగా మారలేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ‘మీరు అప్పుడు ఏమీ అనలేదు కదా’ అని అడుగుతారు. ‘ఏమంటాను సార్, ఊరుకున్నాను’ అని జవాబు. రికార్డులోకి ఎక్కేది, ఆమె అభ్యంతరం చెప్పలేదన్నది నిజమే అని. ఏమంటాను సార్ అన్న ఆ మొదటి రెండు ముక్కలే ఆమె సాక్ష్యం, అవే రాలిపోయాయి. చివర, చదివి వినిపించగా సరి అని ఒప్పుకున్నది అనే ముద్ర పడుతుంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 277వ సెక్షన్, సాక్షి కోర్టు భాషలో చెబితే ఆ భాషలోనే రాయాలని, వేరే భాషలో చెబితే వీలైనంతవరకు ఆమె భాషలోనే రాయవచ్చని మొదటినుంచీ చెబుతూనే వచ్చింది. దాని స్థానంలో వచ్చిన కొత్త సంహితలోనూ ఆ ఏర్పాటు కొనసాగింది. ఇక్కడున్న యువ న్యాయవాదులను నేను కోరేది ఇది. కీలకమైన క్రియ దగ్గర లేచి, సాక్షి అన్న తెలుగు మాటను యథాతథంగా రికార్డు చేయమని జడ్జిగారిని అడగండి. మాస్టారు అప్పీలు కాగితాలు తర్జుమా చేసేటప్పుడు అనుమానం ఉన్న చోట తెలుగు మాటను మార్జిన్‌లో ఉంచేవారు. ఆ అలవాటు కోర్టు హాలులోకి రావాలి.

మూడోది అప్పటి మన ఖమ్మం జిల్లాది. 2009 జూలైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఇవ్వడం మొదలైంది. పాత్ అనే విదేశీ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. చాలామంది ఆదివాసీ పిల్లలు, ఆశ్రమ పాఠశాలల్లో చదివేవాళ్ళు. కొన్ని మరణాల వార్తలు వచ్చాయి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. ఆ టీకా మంచిదే, అవసరమైనదే అని నా అభిప్రాయం కూడా. నేను చూడమంటున్నది సమ్మతి పత్రాలను. ఆరోగ్య శాఖ మీద పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఇచ్చిన 72వ నివేదికలో లెక్క ఉంది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు.

వార్డెన్ సంతకం గురించి కాసేపు ఆలోచించండి. తల్లి ఏజెన్సీ పల్లెలో ఉంది. ఆమె ఊరుకోను కూడా లేదు. ఊరుకోవాలంటే ముందు విషయం చెవిన పడాలి. అడగనే అడగని మనిషి మౌనాన్ని సమ్మతిగా రాశారు. వేలిముద్ర వేసిన తల్లులను అడిగారనుకుందాం. వాళ్ళు ఏమని ఉంటారో మన ఆసుపత్రుల్లో తిరిగినవాళ్ళెవరైనా ఊహించగలరు. ‘మీ ఇష్టం సార్.’ డాక్టరు ఆపరేషన్ అంటే మీ ఇష్టం, మందు మారుద్దామంటే మీ ఇష్టం. ఈ మాటకు అర్థం చూడండి. ఇష్టం నాది కాదు, మీది అని ఆమె నోరారా చెబుతోంది. దాన్నే ఆమె ఇష్టంగా రాసుకుంటున్నాం. 2008 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిన కేసులో, పరీక్ష కోసమని మత్తిచ్చిన స్త్రీకి, ఆమె తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, మెలకువ వచ్చాక ఆమెనే అడిగే వీలున్నప్పుడు, కన్నతల్లి సమ్మతి కూడా ఆమె సమ్మతి కాదని కోర్టు చెప్పింది. కన్నతల్లికే లేని అధికారం వార్డెన్‌కు ఎలా వస్తుంది? చిన్నపిల్లలకు తల్లిదండ్రులే చెప్పాలి నిజమే, ఆ తల్లిదండ్రులు బతికే ఉన్నారు, అడగగలిగిన దూరంలోనే ఉన్నారు.

ఊరుకోవడమంటే ఎప్పుడూ నిస్సహాయతే అని అనుకోవద్దు. ఊరుకుని కాదనడం ఉంది. 1985లో కేరళలో ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు, పాడేవారు కాదు, వాళ్ళ మతవిశ్వాసం అది. బడి వాళ్ళను పంపేసింది. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ పిల్లలను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసినది ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసిన ఓ. చిన్నపరెడ్డి గారు. వాక్‌స్వాతంత్ర్యంలో పలకకుండా ఉండే స్వేచ్ఛ కూడా ఉందని ఆయన రాశారు. ఆ పిల్లల మౌనాన్ని ఒకరు అవమానంగా చదివారు, ఆయన విశ్వాసంగా చదివారు. మౌనాన్ని ఎలా చదవాలో నేర్చుకోవడానికి ఆ తీర్పును మించిన పాఠం మన న్యాయంలో లేదని నేను నమ్ముతాను.

అడిగే తీరు మారితే జవాబు ఎలా వస్తుందో చూడాలంటే మన పొరుగునే ఉన్న నియమగిరికి వెళ్ళాలి. ఒడిశాలోని రాయగడ, కలహండి జిల్లాలవి ఆ కొండలు. తెలుగు వినబడే నేల అది. బాక్సైటు తవ్వకాల మీద 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభలే తేల్చాలంది. ఆ జూలై, ఆగస్టుల్లో 12 పల్లెల్లో సభలు జరిగాయి. జిల్లా జడ్జి స్థాయి అధికారి వచ్చి కూర్చున్నారు. కొండ మీదికే వెళ్ళి, వాళ్ళ భాషలో, వాళ్ళ సభలో అడిగారు. ఏళ్ళ తరబడి అధికారుల కాగితాల్లో మౌనంగా ఉన్న డోంగ్రియా కొంధులు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. పన్నెండుకు పన్నెండు సభలూ వద్దన్నాయి. అంతకు ముందు వాళ్ళకు అభ్యంతరం లేదని ఎవరైనా అనుకుని ఉంటే, అలా అనుకోవడానికి కారణం వాళ్ళను అడగకపోవడమే. 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు కంపెనీల కోసం సేకరిస్తే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం కుటుంబాల ముందస్తు సమ్మతి అడుగుతుంది. అదే చట్టంలో ప్రాథమిక నోటిఫికేషన్ మీద అభ్యంతరం చెప్పడానికి 60 రోజుల గడువుంది. మొదటి ఏర్పాటు రైతు నోరు తెరిచి అవునంటేనే కదులుతుంది. రెండోది రైతు నోరు తెరవకపోతే కదిలిపోతుంది. పత్రికలో లోపలి పేజీల్లో అచ్చయిన సర్వే నంబర్ల పట్టికను చూడని రైతుకు అరవై రోజులైనా ఆరు వందల రోజులైనా ఒకటే.

చివరిగా, రాబోయే పని ఒకటుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 6వ సెక్షన్, సమ్మతి స్వేచ్ఛగా, విషయం తెలిసి, షరతుల్లేకుండా, సందిగ్ధం లేకుండా, స్పష్టమైన ఒక చర్యతో ఇవ్వాలంటుంది. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి దానికి సరిపోదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా ఆ విజ్ఞప్తిని చదువుకునే వీలు కల్పించాలంటుంది. ఆ షెడ్యూలులో తెలుగు ఉంది. అంటే బ్యాంకులు, ఆసుపత్రులు, ఫోను కంపెనీలు, ప్రభుత్వ శాఖలు సమ్మతి పత్రాలను తెలుగులో రాయించాలి. ఆ రాసేవాళ్ళు మీలోనుంచే వస్తారు. ఇంగ్లీషు వాక్యాన్ని తీసుకుని ‘ఇందుమూలముగా నా సమ్మతిని తెలియజేయుచున్నాను’ అని రాస్తే, ఖమ్మం పత్రాలే మళ్ళీ పుడతాయి. ఏం తీసుకుంటున్నారో, ఎందుకో, ఎవరికిస్తారో బజారులో మాట్లాడే తెలుగులో రాయండి. ఒప్పుకుంటున్నాను అన్న గడి పక్కనే అంత పెద్ద అక్షరాలతో వద్దు అన్న గడి పెట్టండి. ఆలోచించుకుని చెబుతాను అని మూడో గడి కూడా పెట్టండి. ఊరుకున్నవాళ్ళు నిజంగా ఉండేది ఆ మూడో గడిలో. ఇచ్చిన సమ్మతిని ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. అది ఎలా తీసుకోవాలో, ఏ నంబరుకు చెప్పాలో, ఎవరి పేరు అడగాలో పత్రం అడుగున కాకుండా మొదటి పంక్తుల్లోనే రాయండి.